2024 సినిమాల జాబితా: నోస్ఫెరాటు దగ్గర ఇంకా ఆగే ఉన్నాను

నిన్న రాత్రి 'నోస్ఫెరాటు' అనే ఆ రక్తపిశాచి సినిమాని ఇంట్లో నాలుగోసారి చూశాను. మళ్లీ కుదరలేదు. మిగతా జాబితా అంతా ఎప్పుడో తేలిపోయింది, ఈ ఒక్క సినిమా మాత్రం ఎక్కడ పెట్టినా అక్కడ నిలవట్లేదు. థియేటర్లో చూసి వచ్చిన రాత్రి నూటికి 92 వేసి రెండో స్థానంలో పెట్టాను. ఇంట్లో ప్రొజెక్టర్ మీద మొదటిసారి చూస్తే 61 వచ్చింది, పదకొండో స్థానానికి జారిపోయింది. ఆ 31 మార్కులు ఎక్కడికి పోయాయో తెలిసేదాకా నాకు జాబితా మూయాలని లేదు.

తేలిపోయినవి ముందు చెప్పేస్తాను. మొదటి స్థానం 'ఆల్ వి ఇమాజిన్ యాజ్ లైట్'. రెండుసార్లు చూశాను, రెండుసార్లూ 94. ఆ ఎర్ర రైస్ కుక్కర్‌ని ప్రభ రాత్రిపూట నేలమీద కూర్చుని కావలించుకునే షాట్ ఒక్కటి చాలు. 'ఫ్లో' 90, ఒక్క డైలాగ్ లేకుండా. 'అనోరా' 88, అందులో సగం చివరి కారు సీన్‌కే. 'ది బ్రూటలిస్ట్' 87. అట్టడుగున 'జోకర్: ఫోలీ ఆ డ్యూ', పాట వచ్చిన ప్రతిసారీ కథ ఆగిపోతుంది. దానిపైన 'మెగలోపోలిస్': కొప్పోలా సొంత డబ్బు పెట్టి తీసిన సినిమా కాబట్టి ఇష్టపడాలని చాలా కోరుకున్నాను, కానీ ఏ సీనూ పక్క సీన్‌తో మాట్లాడదు. అడుగున ఉన్న రెండింటికీ రెండో అవకాశం ఇవ్వడం నా పద్ధతి. ఇచ్చాను, మార్కులు కదల్లేదు.

సినిమాలకి నక్షత్రాలు వేసుకునే లెటర్‌బాక్స్‌డ్ సైట్‌లో డైరీ రాస్తాను కానీ, జాబితాకి ఆ అర నక్షత్రాల కొలత సరిపోదు. అందుకే సొంత షీట్‌లో నూటికి వేస్తాను. ప్రతి సినిమాకీ ఓ పది సీన్లు ఎంచి, ఒక్కోదానికి పదికి మార్కులు విడిగా రాస్తాను; నూటికి వేసేది వాటి కూడిక కాదు. ఈసారి నన్ను కాపాడింది ఆ అలవాటే.

నోస్ఫెరాటుకి అయిదు రాత్రి సీన్లు, అయిదు పగటి లేదా వెలుతురున్న సీన్లు రాసుకున్నాను. వెలుతురు సీన్లకి థియేటర్లో యాభైకి 44, ఇంట్లో 42. రాత్రి సీన్లకి థియేటర్లో 47, ఇంట్లో 26! రెండోసారి చూడటం వల్ల కథ పలచబడి ఉంటే రెండు గుంపులూ పడాలి కదా. చీకటి మాత్రమే పడింది. అంటే తేడా సినిమాలో లేదు, నా గదిలో ఉంది.

అన్నిటికంటే దెబ్బతిన్నది అడవిలో నాలుగు దారులు కలిసేచోటు సీన్. రక్తపిశాచి ఆర్లాక్ కోటకి వెళ్తున్న హట్టర్ మంచులో ఒక్కడే నిలబడి ఉంటాడు, దూరం నుంచి నల్లటి బండి వస్తుంది. థియేటర్లో ఆ చెట్ల మధ్య ఏముందో తెలియక ఊపిరి బిగబట్టాను. ఇంట్లో ఆ చెట్ల మధ్య బూడిదరంగు గోడ కనిపించింది. బండి దగ్గరికి వచ్చేకొద్దీ తెర మొత్తం కొద్దిగా వెలిగి మళ్లీ తగ్గింది, ఎవరో రెగ్యులేటర్ తిప్పినట్టు. అది ఆటో ఐరిస్ పని, అంటే సీన్‌ని బట్టి ప్రొజెక్టర్ తనంతట తానే వెలుతురు పెంచి తగ్గించే ఫీచర్. వెంటనే ఆపేశాను. ఈ ఫీచర్‌ని చీకటి సినిమాలకి వాడకూడదని నా గట్టి అభిప్రాయం, నలుపు ఎంత లోతుగా చూపించినా సరే.

తర్వాత కొలతలకి దిగాను. తెర 100 అంగుళాలు, ప్రొజెక్టర్ నుంచి 3.2 మీటర్లు. వెలుతురు కొలిచే నా లక్స్ మీటర్ 0.1 కంటే చిన్నది చూపించదు. తెర దగ్గర పూర్తి తెలుపు 215 లక్స్, పూర్తి నలుపు 0.3. ఆ 0.3ని నమ్మలేం, 0.25 అయినా 0.35 అయినా అదే చూపిస్తుంది. అందుకని మీటర్‌ని లెన్స్‌కి 80 సెంటీమీటర్ల దూరంలోకి తెచ్చాను. దూరం నాలుగో వంతు అయితే వెలుతురు పదహారు రెట్లవుతుంది. అక్కడ తెలుపు 3440, నలుపు 4.6. భాగిస్తే తెలుపుకీ నలుపుకీ నిష్పత్తి దాదాపు 750:1. బొమ్మ మసకగా ఉంటుంది కానీ, తెర మొత్తం ఒకే రంగు వేసి కొలిచేటప్పుడు దానితో పని లేదు.

మామూలు తెల్ల తెర మీద 215 లక్స్ అంటే సుమారు 68 నిట్స్ (తెర నుంచి కంటికి వచ్చే వెలుతురు కొలత). థియేటర్ ప్రమాణం 48. నేను థియేటర్ కంటే ఎక్కువ వెలుతురు పోస్తున్నాను, దాంతోపాటు నలుపునీ పైకి లేపుతున్నాను. డిజిటల్ సినిమా ప్రమాణం చెప్పే 2000:1 లెక్కన థియేటర్ నలుపు 0.024 నిట్స్ దగ్గర ఉండాలి. నాది 0.09. నాలుగు రెట్లు!

రెండో ప్రయత్నంలో తప్పు దారి పట్టాను. క్రీమ్ రంగు గోడలే కారణమనుకుని, తెరకి రెండువైపులా మీటరున్నర వరకూ, పైకప్పుకీ నల్ల వెల్వెట్ కట్టాను. ఒక శనివారం మొత్తం పోయింది. చదరంగం గళ్ల బొమ్మ వేసి కొలిస్తే నల్లగడిలో 2.9 ఉన్నది 1.4కి దిగింది. చాలా సంతోషించాను. సినిమా వేస్తే రాత్రి సీన్లకి 26 నుంచి 27 అయింది, మొత్తం 63. ఎందుకో ఆలోచిస్తే తర్వాత వెలిగింది: గోడలు తిరిగి విసరాలంటే బొమ్మలో వెలుతురంటూ ఉండాలి. ఆ అడవి సీన్లో వెలుతురే లేదు, గోడ ఏ రంగైతే ఏం? అక్కడ కనిపించే బూడిదరంగు నేరుగా లెన్స్ నుంచి వస్తున్నదే. వెల్వెట్ పగటి సీన్లకి బాగా పనికొచ్చింది కాబట్టి ఉంచేశాను.

మూడోసారి స్ట్రీమింగ్ వదిలేసి డిస్క్ వేశాను. ఇది 35 ఎంఎం ఫిల్మ్ మీద తీసిన సినిమా. స్ట్రీమింగ్‌లో గ్రెయిన్, అంటే ఫిల్మ్ మీద కనిపించే సన్నటి రేణువులు, చెరిగిపోయి, ఆకాశంలో మెట్లు మెట్లుగా గీతలు కనిపించాయి. డిస్క్‌లో ఆ గ్రెయిన్ కదులుతూ ఉంటుంది, దాంతో చీకటికి ప్రాణం వచ్చింది. ఈ ఒక్క సినిమా చాలు, డిస్క్‌లు కొనడం మానకూడదని చెప్పడానికి.

అప్పుడే తెర సెట్టింగులు సరిచూసుకునే ఏవీఎస్ హెచ్‌డీ 709 ప్యాటర్న్‌లు కూడా వేసి చూశాను. అందులో పూర్తి నలుపు 16. నలుపుకి దగ్గరి గీతల్లో 17 నుంచే కనిపించాలి, నాకు 21 దాకా ఏమీ కనిపించలేదు. అంటే ఒకపక్క నలుపు బూడిదగా ఉంది, ఇంకోపక్క నీడల్లోని వివరాలు అందులో కలిసిపోతున్నాయి. ప్లేయర్, ప్రొజెక్టర్ రెండూ నలుపుని 16గా లెక్కించే లిమిటెడ్ రేంజ్‌లోనే ఉన్నాయి, తప్పు అక్కడ లేదు. నీడల వెలుతురుని మార్చే గామా సెట్టింగ్ 2.4 నుంచి 2.2కి, బ్రైట్‌నెస్ రెండు మెట్లు పైకి. 18 నుంచి గీతలు కనిపించాయి. నలుపు 4.6 నుంచి 4.9 అయింది, ఆ మాత్రానికి ఒప్పుకున్నాను. ఆర్లాక్ కోటలో భోజనం సీన్లో కొవ్వొత్తుల వెనక అతని ఆకారం మొదటిసారి ఇంట్లో కనిపించింది. 73 వచ్చింది.

నిన్న మూడు మార్పులు ఒకేసారి చేశాను. ఒక్కోటి చేసి చూడాల్సింది, ఓపిక పట్టలేకపోయాను. ఒకటి, లెన్స్ ముందు వెలుతురుని సగం చేసే ఎన్‌డీ2 ఫిల్టర్. తెలుపు 108 లక్స్‌కి, అంటే 34 నిట్స్‌కి పడింది, నలుపు కూడా సగమైంది. థియేటర్ కంటే కాస్త మసక, కానీ పావుగంట చీకట్లో కూర్చున్నాక కళ్లకి ఆ లోటు తెలియలేదు. రెండు, సినిమా వెడల్పు, ఎత్తుల నిష్పత్తి 1.66:1 కాబట్టి నా తెర మీద అటూ ఇటూ ఏడేసి సెంటీమీటర్లు ఖాళీగా వెలుగుతుంటాయి, వాటికి నల్ల గుడ్డ పట్టీలు పెట్టాను. చిన్న పనే కానీ, పట్టీ పెట్టి తీసి చూస్తే బొమ్మలోని నలుపే మారినట్టు అనిపించింది. మూడు, కుర్చీ 3 మీటర్ల నుంచి 2.3కి జరిపాను. చూపు కోణం 38 డిగ్రీల నుంచి 48కి వచ్చింది.

రాత్రి సీన్లు 36. మొత్తం 79. ఇంకా 13 తక్కువ.

ఒక అనుమానం రంగు మీద. ఈ సినిమా రాత్రి సీన్లని ఎరుపు దాదాపు రాకుండా ఫిల్టర్ వేసి తీశారు, అందుకే ఆ వెన్నెల నీలి బూడిదరంగులో ఉంటుంది. నా ఎప్సన్ ప్రొజెక్టర్ నలుపులోనూ కొద్దిగా నీలం ఉంది. మామూలు సినిమాలో ఆ నీలం వేరుగా తెలుస్తుంది, ఇక్కడ మాత్రం వెన్నెల ఎక్కడ ఆగిందో, ప్రొజెక్టర్ నలుపు ఎక్కడ మొదలైందో కన్ను విడదీయలేకపోతోంది. నలుపులోని నీలాన్ని మార్చే బ్లూ ఆఫ్‌సెట్ రెండు తగ్గించి చూడాలి. డీఎల్‌పీ అనే మరో రకం ప్రొజెక్టర్‌కి మారమని కొందరన్నారు. వాటిలో నాకు రెయిన్‌బోలు, అంటే వెలుతురు అంచుల్లో మెరిసే రంగుల చారలు, స్పష్టంగా కనిపిస్తాయి, తల తిప్పితే చాలు. నా ఎప్సన్‌లో ఉన్న త్రీ ఎల్‌సీడీ పద్ధతిని వదలను.

అయితే అసలు అనుమానం ఇప్పుడు నలుపు మీద కూడా లేదు. అడవి సీన్‌ని చీకట్లో 14 అంగుళాల ఓఎల్‌ఈడీ లాప్‌టాప్ మీద వేశాను. నలుపు పూర్తి నలుపు, వంక పెట్టడానికి లేదు. అయినా పదికి 7 దాటలేదు, థియేటర్లో ఆ సీన్‌కి పదికి పది వేసిన మనిషిని. తెర చిన్నది అన్నది ఒక కారణం. రెండోది శబ్దం అయి ఉండాలి. బిల్ స్కార్స్‌గార్డ్ ఆర్లాక్ పాత్ర కోసం ఆపెరా గాయనితో సాధన చేసి గొంతుని బాగా కిందికి దించాడు. థియేటర్లో ఆ గొంతు ఛాతీలో వినిపించింది. నా స్పీకర్లు 60 హెర్ట్జ్ కింద చేతులెత్తేస్తాయి, పైగా రాత్రిపూట కుర్చీ దగ్గర సగటు 66 డెసిబెల్స్ దాటనివ్వను. చీకట్లో భయం సగం చెవుల్లోంచే వస్తుందేమో. నేను నాలుగుసార్లూ కళ్ల సంగతే చూసుకున్నాను.

అయిదో ప్రయత్నం ఆదివారం మధ్యాహ్నం. కిటికీలకి నల్లగుడ్డ కొట్టి, స్నేహితుడి సబ్‌వూఫర్ తెచ్చి, 78 డెసిబెల్స్ దగ్గర పెడతాను. ఈసారి ఒక్క శబ్దమే మారుస్తాను, బ్లూ ఆఫ్‌సెట్ సంగతి ఆ తర్వాత. 85 దాటితే 'ది బ్రూటలిస్ట్' కిందే అయిదో స్థానంలో వేసి జాబితా మూసేస్తాను. దాటకపోతే థియేటర్లో చూసిన మార్కులకీ ఇంట్లో చూసిన మార్కులకీ రెండు వేర్వేరు కాలమ్‌లు పెట్టాలి, అప్పుడు మిగతా సినిమాలన్నీ మళ్లీ సర్దాలి.

సబ్‌వూఫర్ ఇంట్లో ఉన్న వారంలోనే 'ది బ్రూటలిస్ట్' కూడా మళ్లీ వేస్తాను, మధ్యలో 15 నిమిషాల ఇంటర్వెల్ కోయకుండా. 2025 షీట్ ఇప్పటికే తెరిచాను. అందులో సీన్ మార్కుల పక్కన కొత్తగా నాలుగు గడులు పెట్టాను: తెర, దూరం, వెలుతురు, డెసిబెల్స్.