నిజరూప దర్శనం

జుట్టుకి రంగెయ్యడం మానేసి 11 నెలలైంది. నాకిప్పుడు 53. నడుం దాకా ఉండే జడని భుజాల దాకా కత్తిరించేశాను. నెలకి సెంటీమీటరు లెక్కన పెరిగే జుట్టు కదా, ప్రస్తుతానికి చెవుల దగ్గర దాకా తెలుపు, అక్కణ్ణుంచి నలుపు.

ఏదో సిద్ధాంతంతో మానలేదు. మూడు వారాలకోసారి ఆదివారం పొద్దున్నే బాత్రూంలో పాత పేపరు పరిచి, మరకల నైటీ తొడుక్కుని, నుదుటికి వాజిలీను రాసుకుని 15 ఏళ్ళు వేసుకున్నాను. కిందటేడు ఓ ఆదివారం సాయంత్రానికి చెవుల వెనక దురద మొదలైంది. తెల్లారేసరికి కనురెప్పలు ఉబ్బిపోయి కళ్ళు తెరుచుకోలేదు. చర్మం డాక్టరుగారు చూసి, నల్ల రంగుల్లో ఎక్కువగా వాడే పారాఫినైలిన్‌డయమీన్ అనే రసాయనం పడలేదన్నారు. "ఇన్నేళ్ళూ ఏమీ కాలేదు కదండీ" అంటే, ఈ ఎలర్జీ వాడగా వాడగానే వస్తుంది, ఒకసారి వచ్చాక ఇక పోదు అన్నారు. నేను కొనే పెట్టె మీద అమ్మోనియా లేదని పెద్దక్షరాలతో ఉండేది. అమ్మోనియా లేకపోయినా ఇది ఉండొచ్చట. గోరింటాకు ఎర్రగానే పండుతుంది, నల్లగా పండే కోన్ ఎవరైనా ఇస్తే దాని జోలికీ పోవద్దన్నారు.

వాపు వారంలో తగ్గింది. పాపిడి దగ్గర తెల్లగీత కనబడగానే మావారు, "ఏంటోయ్, నిజరూప దర్శనమా?" అన్నారు. సింహాద్రి అప్పన్నకైతే ఏడాదిలో ఒక్క అక్షయ తృతీయ నాడే చందనం ఒలుస్తారు. ఆ ఒక్క దర్శనం కోసం జనం రాత్రంతా క్యూలో నిలబడతారు. నా నిజరూపానికి మాత్రం పలకరింపులే.

ముందుగా మా విశాఖ ఎంవీపీ కాలనీ రైతుబజార్లో ఆకుకూరలావిడ. "ఏటమ్మా, ఒంట్లో బాగోలేదేటి?" ఆవిడ ముడి నాకంటే తెలుపు, దాన్లో కనకాంబరాలు. "నీకూ తెల్లగానే ఉంది కదా మరి?" అన్నాను. "నాకేటమ్మా, ఆకుకూరలమ్ముకునీదాన్ని. నువ్వు ఉద్దోగం సేసీదానివి కదా!" అని తోటకూర కట్ట ఒకటి ఎక్కువేసింది. జాలో, మర్యాదో తెలీలేదు. నిజమే మరి, ఆఫీసులో మా సెక్షన్లో 45 దాటిన నలుగురు ఆడవాళ్ళం ఉన్నాం. మిగతా ముగ్గురి తలలూ నల్లగా నిగనిగలాడుతుంటాయి. కౌంటరు దగ్గరకొచ్చే కుర్రాళ్ళు నన్ను "ఆంటీ" నుంచి "మామ్మగారూ"కి ప్రమోట్ చేశారు.

పొద్దున్న బీచ్ రోడ్డు మీద బళ్ళు ఆపేసే వేళ ఇద్దరం నడకకి వెళ్తాం. సబ్‌మెరైన్ మ్యూజియం దగ్గర ఎదురయ్యే మగాళ్ళలో తెల్లతలలకి కొదవలేదు. మావారికీ నెరిసి పదేళ్ళైంది, హుందాగా ఉన్నారంటారు. తలపండిన లాయరు అంటాం, తలపండిన డాక్టరు అంటాం. ఆ మాట ఆడదాని గురించి అనగా నేను వినలేదు. ఆమాటకొస్తే రేపు సింహాచలంలో గుండు చేయించుకుని వచ్చానంటే ఒక్కరూ నోరెత్తరు. మొక్కు తీర్చుకుంది పాపం అంటారు.

గొప్పలు పోవడం లేదు. మొన్న సింహాచలం బస్సులో ఓ అమ్మాయి లేచి సీటిచ్చింది. కాళ్ళు లాగుతున్నాయి, కూచున్నాను. ఇంటికొచ్చి అద్దంలో చాలాసేపు చూసుకున్నాను కూడా.

మాఘంలో మేనల్లుడి నిశ్చితార్థం. మా ఆడపడుచు గాజువాక నుంచి ఫోను. "వదినా, ఆ ఒక్కరోజుకీ వేసేసుకో. పెళ్ళికూతురు వైపు వాళ్ళు ఏమనుకుంటారు? ఫోటోలు కలకాలం ఉండిపోతాయి." ఎలర్జీ అని చెప్పాను. "అయితే పార్లర్లో వేయించుకో" అంది. అక్కడ వేసేది మాత్రం అమృతమా! సంపెంగ రంగు పట్టుచీర కట్టి, తెల్లజుట్టులో మల్లెలు పెట్టుకుని వెళ్ళాను. పువ్వులు కనబడలేదని ఒకావిడ నవ్వింది. నిజంగానే కనబడలేదు, నేనూ నవ్వాను.

కిందటివారం ఆల్బమ్ వచ్చింది. మా ఇద్దరి ఫోటో ఒక పేజీ నిండా వేశారు. మావారి తల వెండిలా మెరుస్తోంది. పక్కన నా జుట్టు కుదుళ్ళ నుంచీ కారునలుపు, మెడ మీద ముడతలు మాయం. మల్లెలు మాత్రం బ్రహ్మాండంగా కనబడుతున్నాయి.

స్టూడియోకి ఫోన్ చేశాను.

"బాగుంటుందని మేమే చేశాం ఆంటీ, దానికి ఎక్స్‌ట్రా ఏం తీసుకోలేదు."

"మరి ఆయనకి చెయ్యలేదేం బాబూ?"

"సార్‌కెందుకాంటీ, సార్ బాగానే ఉన్నారు కదా!"