శాలిహుండం వెళ్ళేముందు ఊరి టైం చూసుకోండి

సంక్రాంతికి వస్తున్న మా పిన్ని కొడుకు హైదరాబాద్ నుంచి వాట్సాప్‌లో ఒక లిస్టు పంపాడు. అరసవల్లి, శ్రీకూర్మం, శాలిహుండం, కళింగపట్నం బీచ్, శ్రీముఖలింగం, టైం మిగిలితే తేలినీలాపురం పక్షులు. అన్నీ ఒక్కరోజులో, ఒకే కారులో, పెద్దాళ్ళతో పిల్లలతో. కింద "అన్నయ్యా, అవుతాదా?" అని ఒక ముక్క. కారు దిగి ఫొటో తీసుకుని మళ్ళీ కారెక్కడమే పనైతే నిక్షేపంగా అవుతుంది. కానీ వాడికి అసలు చూడాలని ఉన్నది శాలిహుండం, మా శ్రీకాకుళం దగ్గర కొండ మీది పాత బౌద్ధ స్తూపాల చోటు, లిస్టులో దానికి కేటాయించింది ముప్పావుగంట, అదీ మధ్యాహ్నం పన్నెండు తర్వాత!

ముందు ఆ లిస్టులోంచి రెండు కొట్టేశాను. ముఖలింగం వంశధార నది వెంబడి పైకి, జలుమూరు వైపు. తేలినీలాపురం టెక్కలి దగ్గర. ఈ రెండిటికీ వేరే రోజు పెట్టుకోవాల్సిందే. మిగిలినవాటిలో అరసవల్లి శ్రీకాకుళం టౌన్‌ని ఆనుకునే ఉంది, శ్రీకూర్మం, శాలిహుండం, కళింగపట్నం మూడూ గార మండలంలోవే, కాబట్టి ఒక చుట్టులో అయిపోతాయి. ట్రైన్‌లో వచ్చేవాళ్ళకి ఒక మాట: శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఉన్నది ఆమదాలవలసలో. టౌన్‌లోకి రావడానికి ఆటోయో బస్సో పట్టుకోవాలి. తెల్లారి దిగి నేరుగా కొండెక్కేద్దాం అనుకుంటే కుదరదు, ముందురోజే వచ్చి పడుకోండి.

నేనైతే పొద్దున్నే శాలిహుండం పెట్టుకుంటాను, గుడులు తర్వాత. టౌన్ నుంచి 18 కిలోమీటర్లు, ఆరుకి బయల్దేరితే ఇంకా మంచు ఉండగానే ఊళ్ళో ఉంటారు. కొండ మరీ పెద్దదేం కాదు, పెద్దాళ్ళు కూడా ఆగి ఆగి ఎక్కగలరు. అయితే పైన నీడ తక్కువ. తొమ్మిది దాటితే ఇటుకలు కాలడం మొదలవుతుంది, జనవరిలో కూడా. మంచినీళ్ళు కింద నుంచే మోసుకెళ్ళాలి.

ఇక ఊరి సంగతి. సంక్రాంతి రోజులంటే ఊళ్ళో అందరికీ పనే. కళ్ళాల్లో కుప్పలు ఉంటాయి, నూర్పులు సాగుతుంటాయి, రోడ్డు మీదే ధాన్యం ఎండబెడతారు. కారు దాని మీదుగా పోనివ్వకండి, ముందే ఆపేసి నడవండి. ఇంకోటి, బయటివాళ్ళకి అస్సలు తెలీనిది. వరి కోసేశాక చేను ఖాళీగా మోళ్ళతో కనిపిస్తుంది కదా, అడ్డంగా నడిచేస్తే దగ్గర అనిపిస్తుంది. వంగి చూడండి, ఆ మోళ్ళ మధ్య బొటనవేలంత మినుము మొక్కలో పెసర మొక్కలో ఉంటాయి. ఇక్కడ చాలామంది వరి ఇంకా కోయకముందే, చేలో తడి ఉండగానే గింజలు చల్లేస్తారు. దున్నరు, నీళ్ళు పెట్టరు, ఆ మిగిలిన తడితోనే పంట వచ్చేస్తుంది. పిల్లలు అందులో క్రికెట్ మొదలుపెడితే ఊరివాళ్ళు మొహమాటానికి ఏమీ అనకపోవచ్చు గానీ మనకే బాగోదు. గట్టు మీదే నడవమని ముందే చెప్పి తీసుకెళ్ళండి.

ఊళ్ళో ఎవరో ఒకరు అడుగుతారు: "ఏ ఊరు బాబూ? ఎవలింటికొచ్చారు?" దీనికి ఫోన్ చూసుకుంటూ జవాబు చెప్పకండి. నిలబడి, అమ్మమ్మ ఊరి పేరు కూడా కలిపి చెబితే చాలు, తర్వాత దారి వాళ్ళే చూపిస్తారు, అక్కడి మ్యూజియం తాళాల మనిషి ఎప్పుడొస్తాడో కూడా వాళ్ళకే తెలుస్తుంది. భోజనం ఊళ్ళోనే చేద్దామనుకుంటే ముందురోజు తెలిసినవాళ్ళతో కబురు పెట్టించాలి, అప్పటికప్పుడు ఇంతమందికి వండమనడం ధర్మం కాదు. డబ్బులిస్తే తీసుకోరు, బత్తాయిలో బిస్కెట్లో పిల్లల చేతిలో పెట్టండి. తాటి తేగల సీజన్ కూడా ఇదే. కాల్చిన తేగ నారలు తీసి మధ్యకి చీల్చి, లోపలి చందమామ (మధ్యలో ఉండే లేత మొలక) మొదట ఎవరికి అని పిల్లలు కొట్టుకోవాలి.

పైన ఏముంది అంటే, నిజం చెబుతున్నా, విగ్రహాల కోసం వెళ్తే కొంచెం డీలా పడతారు. ఉన్నవి ఎక్కువగా పునాదులు. గుండ్రటి స్తూపాలవి, చైత్యాలవి (పూజ మందిరాలు), విహారాలవి (భిక్షువులు ఉండే చోట్లు). ఇటుకలు చూడండి, మన ఇళ్ళకి వాడే ఇటుక కన్నా చాలా పెద్దవి, పలకల్లా వెడల్పుగా ఉంటాయి. 1919లో దీన్ని వెలుగులోకి తెచ్చింది మన గిడుగు రామమూర్తి పంతులు గారే, వ్యావహారిక భాష కోసం పోరాడిన ఆయనే. వంశధార ఒడ్డున పర్వతాలపేటలో పుట్టిన మనిషి, ముఖలింగం శాసనాల లిపి తనంతట తానే నేర్చుకున్నాడు. తర్వాత లాంగ్‌హర్స్ట్, టి.ఎన్. రామచంద్రన్, ఆర్. సుబ్రహ్మణ్యం తవ్వకాలు జరిపారు. క్రీ.పూ. 2వ శతాబ్దం నుంచి క్రీ.శ. 12వ శతాబ్దం దాకా ఇక్కడ బౌద్ధం నడిచిందని లెక్క. అంతకాలం ఎలా నడిచిందో పుస్తకాల్లో చదివితే నాకెప్పుడూ ఎక్కలేదు, పైన నిలబడి చూస్తేనే ఎక్కింది. కింద వంశధార, చుట్టూ వరి పొలాలు, ఆ చివర ఒకప్పటి కళింగపట్నం రేవు. ఓడల వర్తకులు, బియ్యం, నది దారి, మూడూ ఒకచోట ఉండేవి, భిక్షువులకి ఇంకేం కావాలి.

ఇక్కడ దొరికిన వాటిలో తార, మారీచి అనే బౌద్ధ దేవతల విగ్రహాలు ఉన్నాయి, అంటే చివరి రోజుల్లో వజ్రయానం, అంటే బౌద్ధంలో తంత్ర మార్గం, వచ్చిందన్నమాట. మారీచి వెలుగు కిరణాల దేవత, ఆమె రథాన్ని లాగేవి ఏడు పందులు. అరసవల్లి సూర్యుడి రథానికి ఏడు గుర్రాలు. ఇవి రెండూ ఇంత దగ్గర దగ్గర్లో ఉన్నాయని తెలిశాక రెండూ ఒకేరోజు చూడాలనిపించదూ? అందుకే మా వాడి లిస్టులో అరసవల్లిని ఉంచాను. కాకపోతే ఆదివారం వద్దు, క్యూలోనే సగం రోజు పోతుంది. రథసప్తమి రోజైతే ఇక చెప్పక్కర్లేదు.

కొండ దిగాక కళింగపట్నం వెళ్ళి లైట్‌హౌస్, నది సముద్రంలో కలిసే చోటు చూసి (ఆ మొగ దగ్గర పిల్లల్ని నీళ్ళలోకి దింపొద్దు, లాగేస్తుంది), తిరుగు ప్రయాణంలో శ్రీకూర్మం. అక్కడ స్వామి పడమటి ముఖం, ధ్వజస్తంభాలు రెండు, ప్రాకారం గోడల మీద పాత రంగుల బొమ్మలు, ఆవరణలో నక్షత్ర తాబేళ్ళు. మధ్యాహ్నం గుడి మూసే లోపు అందకపోతే అక్కడే అరుగు మీద కూర్చోండి, సాయంత్రం తెరుస్తారు. తర్వాత అరసవల్లి, ఇల్లు.

ఆటోలో వెళ్ళేవాళ్ళు రానూపోనూ, వెయిటింగ్‌తో సహా, బయల్దేరేముందే బేరం తేల్చుకోండి. పైన ఇటుక ముక్క ఒకటి గుర్తుగా తెచ్చుకుందామని మాత్రం అనుకోకండి, అది కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న చోటు. మా పిన్ని కొడుక్కి ఇదే పంపాను, "ముఖలింగం లేదేటి?" అన్నాడు. కనుమ మర్నాడు పెట్టుకోమన్నాను.