స్కిన్లు మొరాయించిన రోజు

ఆ రోజు ఎక్కడానికి అయిదు గంటలు పట్టింది, దిగడానికి ఇరవై నిమిషాలు. స్కీ టూరింగ్ అంటే, అంటే స్కీల మీదే కొండెక్కి దిగడమంటే, అంతేలెండి, అందులో ఫిర్యాదేమీ లేదు. గంటకి 300, 400 మీటర్ల ఎత్తు ఎక్కే లెక్కన మూడు గంటల్లో అయిపోవాల్సింది అయిదు గంటలైందనే చిరాకంతా. ఆ రెండు గంటలూ మింగింది ఎక్కేటప్పుడు వెనక్కి జారకుండా స్కీల అడుగున అంటించే గుడ్డపట్టీలు, స్కిన్లే.

తెల్లవారుజామున బయల్దేరేటప్పుడు మైనస్ 12. మంచులో పాతిపోయినవాళ్లని వెతకడానికి ఒంటికి కట్టుకునే రేడియో పరికరాలు, బీకన్ల పరీక్ష అయింది. ఒకరు ముందుకెళ్లి వెతికే మోడ్‌లో పెట్టుకుని నిలబడితే, మిగతా వాళ్లం పంపే మోడ్‌లో ఒక్కొక్కరుగా వాళ్ల ముందు నుంచి నడిచాం. బీకన్లన్నీ 457 కిలోహెర్ట్జ్ మీదే పనిచేస్తాయి కాబట్టి ఎవరిది ఏ కంపెనీదైనా ఒకటే. పరీక్ష చేసినవాళ్లు తమ బీకన్‌ని తిరిగి పంపే మోడ్‌కి మార్చారో లేదో ఇంకొకరు చూడాలి. సాధారణంగా మరిచిపోయేది అదే. ఫోను బీకన్‌కి కనీసం 20 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి, వెతికేటప్పుడైతే 50.

స్కిన్‌కి ఒకవైపు జిగురు, ఇంకోవైపు వెనక్కి వాలిన నూగు. ముందుకి జారుతుంది, వెనక్కి జారబోతే నూగు మంచుని పట్టుకుంటుంది. మొహేర్ (అంగోరా మేక బొచ్చు) బాగా జారుతుంది, నైలాన్ మంచుని బాగా పట్టుకుంటుంది, ఎక్కువ రోజులూ మన్నుతుంది. మావి రెండూ కలిపి నేసినవి. అడవి దాటేదాకా ఏ ఇబ్బందీ రాలేదు. తూర్పు వాలు మీదికి రాగానే ఎండ తగిలి పైమంచు తడిసింది, స్కిన్లు ఆ తడిని పీల్చుకున్నాయి. వాలు మలుపు తిరిగి నీడలోకి అడుగుపెట్టాక పది నిమిషాల్లో కాళ్లు బరువెక్కాయి. స్కీ ఎత్తి చూస్తే అడుగున నాలుగు వేళ్ల మందాన మంచు ముద్ద! తడిసిన నూగు చల్లటి పొడిమంచు తగలగానే గడ్డకడుతుంది, దానికి ఇంకా మంచు అంటుకుంటుంది. నేలకి తపతపా కొడితే సగం రాలుతుంది, నాలుగు అడుగులేస్తే మళ్లీ అంతే.

విరుగుడు ఒకటే. స్కీ విప్పి, రెండో స్కీ అంచుతో స్కిన్‌ని నూగు వాలిన దిశలోనే గీకాలి. ఎదురు గీకితే నూగు ఊడుతుంది. తర్వాత స్కిన్ మైనం కడ్డీని ముందు నుంచి వెనక్కి, గట్టిగా, పొడవునా రుద్దాలి. ఆ మైనం కాస్తా మా సంచుల్లో అన్నిటికంటే అడుగున, మందుల పెట్టె కింద ఉంది. పైజేబులో ఉండాల్సిన వస్తువది. నిజానికి ముందురోజు రాత్రే రుద్దుకుని ఉంటే ఈ గొడవే ఉండేది కాదు.

స్కీలు మళ్లీ తొడుక్కోబోతే ఇంకో చిక్కు. బూటుని స్కీకి బిగించే పిన్ బైండింగ్ ముందు భాగం కింద, స్ప్రింగు దగ్గర, మంచు గట్టిగా అణిగిపోయింది. దాంతో పిన్నులు బూటు గుంటల్లోకి పూర్తిగా దిగలేదు. పైకి దిగినట్టే కనిపిస్తాయి, ఓ వాలు మలుపులో కాలు ఊడొస్తుంది. గుంటల్నీ స్ప్రింగు కిందనీ స్కీ చేతికర్ర మొనతో తవ్వి, బూటు పెట్టి, లీవరు లాక్ చెయ్యకముందే మడమని పైకీ కిందికీ నాలుగుసార్లు ఆడిస్తే లోపలి మంచు నలిగి బయటికొస్తుంది. అప్పుడు లాక్. ఎక్కేటప్పుడు లాక్ ఉండాలి, దిగేటప్పుడు తీసెయ్యాలి. తియ్యకపోతే పడినప్పుడు స్కీ విడవదు.

శిఖరానికి 150 మీటర్ల కింద ఆఖరి వాలు. కంటికి మెత్తగా, అమాయకంగా ఉంది. ఎంత ఏటవాలో కర్రలతో కొలిచాం. ఒక కర్రని మొన పైకి, పిడి కిందికి ఉండేలా వాలు వెంట పడుకోబెట్టి మంచులో అచ్చు వెయ్యాలి. మొనని కదలనీకుండా పిడి వైపు పైకి లేపాలి. అంతే పొడవున్న రెండో కర్రని ఆ పిడి దగ్గర్నుంచి నిలువుగా వేలాడదీసి, దాని మొన అచ్చు కిందికొసకి తగిలేదాకా లేపాలి. సరిగ్గా అక్కడే తగిలితే 30 డిగ్రీలు. కిందికి దాటి తగిలితే, ప్రతి 10 సెంటీమీటర్లకీ దాదాపు 3 డిగ్రీలు కలుపుకోవాలి. మాకు 20 సెంటీమీటర్లు దాటింది, అంటే 36. మంచుపలకలు తెగి చరియలుగా విరుచుకుపడేది ఎక్కువగా 30 నుంచి 45 మధ్యే.

అయినా ఆశ చావదు కదా. అంచు దగ్గర చదునులో పది అడుగులు వేశామో లేదో, కాళ్ల కింద "వుంఫ్" అని మంచు కుంగింది. స్కీ ముందు నుంచి సన్నటి పగులు గీత గీసినట్టు పాకింది. లోపలి బలహీనమైన పొర కూలిన చప్పుడది. ఆ తర్వాత ఇక పరీక్షలు అక్కర్లేదు, చర్చ కూడా. పాతిపోయిన మనిషిని మొదటి 10 నిమిషాల్లో తవ్వి తీస్తే బతికే అవకాశం బాగా ఎక్కువ, ఆపైన అది నిటారుగా పడిపోతుంది. ముగ్గురం, మూడు పారలు. ఆ లెక్కతో అంత వాలు మీదికి ఎవరు పోతారు! వచ్చిన దారినే, 25 డిగ్రీలు మించని గట్టు మీదుగా దిగాం. మంచు బాగుంది. ఇరవై నిమిషాలు అన్నానుగా.

తిరుగుదారిలో ఓ చిన్న గట్టు ఎక్కాల్సి ఉంది. దిగేటప్పుడు స్కిన్లని చొక్కా లోపల, ఒంటికి ఆనించి పెట్టుకున్నవాళ్లవి టక్కున అతుక్కున్నాయి. సంచిలో పడేసినవాళ్ల జిగురు చలికి చెక్కలా బిగుసుకుని, స్కీ వెనక కొస దగ్గర్నుంచి ఊడొచ్చింది. ఆ సందులో మంచు దూరింది, దాంతో ఇంకాస్త ఊడింది. జిగురు మీది మంచుని గీకి, స్కీ అడుగుని తుడిచి, స్కిన్‌తో సహా స్కీ చుట్టూ రబ్బరు పట్టీలు రెండుచోట్ల బిగించి ఎలాగో లాగించాం. పట్టీ ఉన్నచోట స్కీ సరిగ్గా జారదు, ప్రతి అడుగుకీ గర్రుమంటుంది. అలా గర్రుగర్రుమంటూనే గట్టు దాటాం.

రాత్రి స్కిన్లని పొయ్యికి దూరంగా తీగమీద ఆరేశాం. వేడి దగ్గర పెడితే జిగురు కరిగి, పొద్దున్నే స్కీ అడుగున మరకలుగా మిగులుతుంది. ఈసారి మైనం కడ్డీ పైజేబులోకెక్కింది.