రిసీవర్ కొనబోయి డిస్టార్షన్ అడిగితే నవ్వారు – నా అనుభవం

నిన్న రాత్రికి వైర్లన్నీ కలిపాను, సౌండ్ బ్రహ్మాండంగా ఉంది. కానీ ఆ షాపు మీద కడుపుమంట మాత్రం చల్లారలేదు. అది చల్లారేలోపే రాసేస్తున్నాను.

మాది నెల్లూరు, మాగుంట లేఅవుట్. 5.1 స్పీకర్లు (ఐదు స్పీకర్లు, బేస్ కోసం ఒక సబ్ వూఫర్) ఇంట్లో ఉన్నాయి, వాటికి సౌండ్ అందించే పాత రిసీవరే పోయింది. కొత్తది కొంటానంటే ఇంట్లో అడ్డు చెప్పలేదు, సీరియల్ మాటలు సరిగా వినపడక వాళ్లకే చిరాగ్గా ఉంది.

మోడల్స్ చూస్తుంటే ఒకదానికి టీహెచ్‌డీ 0.05 శాతం, ఇంకోదానికి 0.08 అని రాసుంది. ధరలో మాత్రం వేలల్లో తేడా. టీహెచ్‌డీ (టోటల్ హార్మోనిక్ డిస్టార్షన్) అంటే, మనం పంపిన సౌండ్‌లో లేనిదాన్ని రిసీవర్‌లోని ఆంప్లిఫయర్ సొంతంగా ఎంత కలుపుతోందనే లెక్క. 0.1 శాతం అంటేనే అసలు సౌండ్ కంటే 60 డెసిబెల్స్ కింద ఉంటుంది. సీలింగ్ ఫ్యాన్ తిరిగే హాల్లో 0.05కీ 0.08కీ తేడా ఏ చెవీ పట్టలేదు. పైగా గట్టిగా పెడితే బేస్ దగ్గర స్పీకర్లే ఒక శాతం, అంతకు మించి కూడా డిస్టార్షన్ పుట్టిస్తాయి. కాబట్టి ఆ గొడవ వదిలేశాను. నాకు తెలియాల్సింది ఒక్కటే: అట్టపెట్టె మీద అచ్చేసిన వాట్లు ఎంత డిస్టార్షన్ దగ్గర కొలిచారు?

అది అడుగుదామని ట్రంక్ రోడ్డులో ఓ పెద్ద షాపుకెళ్లాను, వెంట మా బామ్మర్ది.

"బాబూ, ఈ 150 వాట్లు ఎంత డిస్టార్షన్ మీద?"

"డిస్టార్షన్ ఉండదు సార్, కంపెనీ పీసు."

"అది కాదయ్యా, ఒక చానెల్ నడిపి కొలిచారా, రెండా? 8 ఓమ్స్ మీదా, 6 మీదా?"

చానెల్ అంటే ఒక్కో స్పీకర్‌కి వెళ్లే లైను, ఓమ్స్ అంటే స్పీకర్ కరెంటుకి పెట్టే అడ్డు. కుర్రాడు లోపలికి కేకేశాడు. "అన్నా, ఈ సారు ఏందో డిస్టార్షన్ కావాలంటున్నాడు!"

బిల్లింగ్ దగ్గర నిలబడ్డవాళ్లంతా ఇటు తిరిగారు. ఓనరు వచ్చి, "ఏం చేస్తుంటారు సార్?" అన్నాడు. టీచర్‌నని చెప్పాను. "లెక్కలా, సైన్సా?" "తెలుగు." ఇక చూడాలి వాళ్ల మొహాలు. "మాస్టారూ, ఛందస్సు మీరు చూసుకోండి, వాట్లు మేం చూసుకుంటాం" అన్నాడాయన. షాపంతా గొల్లుమంది. మా బామ్మర్ది కూడా నవ్వాడు. వాడి పెళ్లికి దగ్గరుండి సౌండ్ సెట్ చేసింది నేనే, అది కూడా గుర్తుకు రాలేదు వెధవకి.

ఓనరు అంతటితో ఆగలేదు. వాల్యూమ్ చివరిదాకా తిప్పి "ఇదీ పవర్ అంటే" అన్నాడు. పాటలో మాటలు గరగరమంటున్నాయి, తాళాలు రేకు గీసినట్టు వినపడుతున్నాయి. ఆంప్లిఫయర్ శక్తికి మించి లాగితే సిగ్నల్ తలలు తెగిపోతాయి, దాన్నే క్లిప్పింగ్ అంటారు. "ఇదే నేను అడిగిన డిస్టార్షన్" అన్నాను. "డిస్‌ప్లే స్పీకర్లు సార్, అట్టనే ఉంటాయి" అన్నాడు. పెట్టె తిప్పి చూస్తే అడుగున చీమ తలకాయంత అక్షరాలు: 6 ఓమ్స్, 1 కిలోహెర్ట్జ్, ఒక చానెల్, 10 శాతం టీహెచ్‌డీ. పైకే చదివాను. "అదంతా ఇంజినీర్లకి సార్" అంటూ వెళ్లి ఏసీ కింద కూర్చున్నాడు.

తెలియకపోతే తెలియదని చెప్పొచ్చు, అందులో చిన్నతనం ఏముంది? నా క్లాసులో పిల్లలు అడిగినవాటికి నేనెన్నిసార్లు రేపు చూసి చెప్తానన్నానో. కొనేవాడు ప్రశ్న వేయడమే నేరమైనట్టు నవ్వుతారేంటి?

అసలు కిటుకు ఇదీ. 10 శాతం డిస్టార్షన్‌కి ఒప్పుకుంటే అదే పెట్టె పాతిక, ముప్పై శాతం ఎక్కువ వాట్లు చూపిస్తుంది. పాలలో నీళ్లు పోసి లీటర్లు పెంచినట్టే. ఉదాహరణకి యమహా ఆర్ఎక్స్-వి385 రిసీవర్ చూడండి. 6 ఓమ్స్ మీదే, 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ దాకా (అంటే చెవికి వినపడే మేరంతా) రెండు చానెళ్లు నడిపి 0.09 శాతం దగ్గర కొలిస్తే 70 వాట్లు. 1 కిలోహెర్ట్జ్ అనే ఒక్క స్వరం దగ్గర ఒకే చానెల్‌తో 0.9 శాతం మీద 100. అదే 10 శాతానికి ఒప్పుకుంటే 135. వాళ్లు మూడూ స్పెసిఫికేషన్లలో దాచకుండా వేశారు, చదవాల్సింది మనం. వాట్లు ఎలా కొలిచారో చెప్పి తీరాలని అమెరికాలో 1974లోనే రూల్ పెట్టారు. మన దగ్గరేమో అరచేతిలో పట్టే స్పీకర్ మీద కూడా పీఎంపీవో (క్షణంపాటు వచ్చే గరిష్ఠ పవర్ అనే లెక్క) పేరుతో వేల వాట్ల స్టిక్కర్లు అంటించి అమ్మారు.

ఆ మాటకొస్తే 70కీ 100కీ వినికిడిలో తేడా ఒకటిన్నర డెసిబెల్. వాట్లు రెట్టింపు చేసినా పెరిగేది మూడే. మామూలు స్పీకర్లతో, మామూలుగా చూసే సౌండ్‌కి మన హాళ్లలో సగటున ఖర్చయ్యేది ఒకటి, రెండు వాట్లు. మిగతాదంతా బాంబు పేలే క్షణం కోసం. మీరు 8 ఓమ్స్, 20 హెర్ట్జ్–20 కిలోహెర్ట్జ్, కనీసం రెండు చానెళ్లు, 0.1 శాతం లోపు అని ఉన్న లైను వెతకండి. ఐదు చానెళ్లూ ఒకేసారి నడిస్తే అందులోనూ కొంత తగ్గుతుంది, అది లెక్కలో వేసుకోండి. శాతం రాయకుండా వాట్లు మాత్రమే రాసిన పెట్టెని ముట్టుకోవద్దు.

చివరికి పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కి చెన్నై వెళ్లి కొన్నాను. అక్కడ అడగ్గానే మాన్యువల్ తీసి ఆ పేజీ ముందు పెట్టారు, అరగంటలో పనైపోయింది. 0.08 శాతం వాడిదే తీసుకుని, మిగిలిన డబ్బుకి ఇంకాస్త కలిపి మంచి సబ్ వూఫర్ కొన్నాను. మా బామ్మర్ది ఆదివారం సినిమా చూడటానికి వస్తానంటున్నాడు. ఇంకా ఏమీ చెప్పలేదు.