20 మిల్లీమీటర్ల బెజ్జం

పొద్దున కర్టెన్ లాగగానే రాడ్డు కుడి కొస ఊడి మంచం మీద పడింది. స్క్రూ, దాన్ని పట్టుకునే ప్లాస్టిక్ ప్లగ్గు, వెనకాలే గుప్పెడు సిమెంటు పొడి. చిన్నది అప్పుడే లేచి వెళ్ళింది కాబట్టి సరిపోయింది. ఈయన చూసి "ఎవరినైనా పిలుద్దాంలే" అన్నారు. పోయిన నెల రాడ్డు ఊగడం మొదలైనప్పుడూ అదే మాట.

కోపం ఈయన మీద కాదు. ఆ ప్లగ్గు చూశాక వచ్చింది. 30 మిల్లీమీటర్లు ఉండాల్సినదాన్ని బ్లేడుతో అడ్డంగా కోసేశారు. బెజ్జంలో అగ్గిపుల్ల దూర్చి కొలిస్తే 20 మిల్లీమీటర్ల లోతు. అందులో పై 15 ఉత్త ప్లాస్టరింగే. స్క్రూ దిగేకొద్దీ ప్లగ్గు విచ్చుకుని చుట్టూ గోడని ఒత్తాలి, బరువు మోసేది ఆ ఒత్తిడే. విచ్చుకునే చోట ప్లాస్టరింగ్ ఉంటే మెల్లగా పొడైపోతుంది. ఇది బిగించిన మనిషికి తెలియదా? ఖచ్చితంగా తెలుసు. బయటికి మిగిలిన ముక్క కోసి, మీద బ్రాకెట్ పెట్టేసి, "పట్టుకుని వేలాడినా ఊడదమ్మా" అని చెప్పి మరీ వెళ్ళాడు. ఆ మాట రోజంతా చెవిలో తిరుగుతూనే ఉంది. పని సరిగ్గా రాకపోతే పోనీ అనుకోవచ్చు. కనపడదు కదా అని లోపల దాచేశాడే, అది మింగుడు పడటం లేదు.

నాన్న గోడ గడియారం తగిలించింది గుర్తొచ్చింది. ఉలి, సుత్తి పట్టుకుని ఓ సాయంత్రమంతా గోడ తొలిచారు. చెక్క దిమ్మని వెనక వెడల్పు, ముందు సన్నం ఉండేలా చెక్కారు, ముందుకి లాగితే రాకూడదని. దాన్ని గోడలో పెట్టి చుట్టూ సిమెంటు కూరారు. రెండు రోజులు ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. మూడో రోజు స్క్రూ మరలకి సబ్బు రాసి బిగించారు. సబ్బు ముక్క పట్టుకుని నుంచోవడం నా వంతు. "తొందరపడితే చెక్క చీలుతుంది, ఒక చుట్టు తిప్పు, ఆగు" అనేవారు. ఇల్లు ఖాళీ చేసిన రోజు గడియారం తీశాక కూడా ఆ దిమ్మ గోడలోనే ఉండిపోయింది. నాన్న వెళ్ళబోతూ దాన్ని బొటనవేలితో ఒకసారి నొక్కి చూశారు.

ప్లగ్గులు రాకముందు ఇదంతా తప్పని పనే. బ్రిటిష్ మ్యూజియం గోడలు పెద్దగా చెడకుండా కరెంటు సామాన్లు బిగించడానికి జాన్ రాలింగ్స్ నారతో ప్లగ్గు చేసి 1911లో పేటెంటుకి పెట్టారు. రాల్‌ప్లగ్ అనే మాట ఆయన పేరులోంచే వచ్చింది. ఆర్తూర్ ఫిషర్ నైలాన్ ప్లగ్గు 1958లో వచ్చింది. నాన్నకి మూడు రోజులు పట్టినది అయిదు నిమిషాల్లో అయిపోయేలా చేశారు వాళ్ళు. ఆ అయిదు నిమిషాలూ పెట్టలేకపోయాడా అని ఇంకా మండింది.

సాయంత్రం నేనే డ్రిల్లు తీశాను. 8 మిల్లీమీటర్ల బిట్టు, 45 దగ్గర గుర్తుగా టేపు చుట్టాను. ప్లాస్టరింగ్ రాలకుండా ముందు మామూలుగా తిప్పి, తర్వాత తిరుగుతూనే గోడని కొట్టే హ్యామర్ మీద పెట్టాను. సరిగ్గా 20 దగ్గర ఆగిపోయింది. ఎంత నొక్కినా దిగదు. అప్పుడు తట్టింది, కిటికీ నెత్తిన ఉండేది ఇటుక కాదు, లింటెల్. కాంక్రీటు. అతనూ ఇక్కడే ఆగాడన్నమాట. అతని చేతిలో ఉన్నది చిన్న డ్రిల్లు, దానికి హ్యామర్ ఉందో లేదో కూడా నేను చూడలేదు. నాకు హ్యామర్ ఉండి కూడా ఒక్క బెజ్జానికి పావుగంట పైనే పట్టింది, బిట్టు చల్లారనిస్తూ, పొడి ఊదుకుంటూ. మెడ పట్టేసింది. పొద్దుటి నుంచి అతన్ని అన్న మాటల్లో సగం వెనక్కి తీసుకున్నాను.

మిగతా సగం ఉంచుకుంటున్నాను. "ఇక్కడ కాంక్రీటు తగిలిందమ్మా, ఈ మిషన్‌తో కాదు" అంటే ఏమైపోయేది? మర్నాడు రమ్మనేదాన్ని. పైగా కాంక్రీటులో పూర్తిగా దిగిన ప్లగ్గు చాలా గట్టిగా పట్టుకుంటుంది. కుడివైపు చివరి చుట్టు తిప్పుతుంటే స్క్రూ డ్రైవర్ చేతిలో బిగుసుకుపోయింది. ఎంత హాయిగా అనిపించిందో.

ఎడమవైపు ఇంకా ఊడలేదు గానీ అక్కడా అదే 20. విప్పి తొలవబోతే లోపల ఇనుప చువ్వ తగిలింది. దాని జోలికి వెళ్ళకూడదు, అంగుళం పక్కకి జరపాలి. ఏడున్నర అయిపోయింది, గోడ అవతల పసిపిల్ల ఉంది. పాత బెజ్జంలో పుట్టీ కూరి ఆపేశాను.

కర్టెన్ లేదు కాబట్టి వీధి దీపం వెలుగు మంచం మీద పడుతోంది, చిన్నది మొహం మీద దుప్పటి లాక్కుని పడుకుంది. ఇందాక లేచి వెళ్ళి కుడివైపు బ్రాకెట్‌ని బొటనవేలితో నొక్కి వచ్చాను.