కళ్ళు మూతపడని రాత్రులు

2018 కొత్త సంవత్సరం ఆరాధనలో పాట ఎత్తుకున్నది నేనే. పెళ్ళయి ఈ ఊరు వచ్చిన దగ్గర్నుంచీ మా చర్చిలో ఆడవాళ్ళ వైపు పాట ఎత్తుకునే పని నాదే. ఆ తర్వాత నాలుగు రోజులకు విరేచనాలు పట్టుకున్నాయి. పండగ తిండి పడలేదనుకున్నాం. రెండు రోజుల్లో తగ్గాయి, మర్చిపోయాం. మరో పది రోజులకు అరికాళ్ళల్లో చీమలు పాకుతున్నట్టు మొదలైంది.

మాది మద్దిపాడు మండలం, గుండ్లకమ్మ దగ్గర ఊరు. జనవరి అంటే మాకు పొగాకు రోజులు. పొద్దున్నే ఆకు కోసుకురావాలి, కర్రలకు కట్టాలి, వేడితో ఆకు ఆరబెట్టే బ్యారన్‌లోకి ఎక్కించాలి. రోజంతా నిలబడే పని కాబట్టి కాళ్ళు తిమ్మిరెక్కితే ఎవరమూ పట్టించుకోం. రెండో రోజు చేలో గట్టు దిగుతుంటే మోకాలు మడతపడి కూలబడ్డాను. మూడో రోజు మంచం మీద నుంచి లేవలేకపోయాను. దగ్గర్లో ఒక డాక్టరు బలహీనత అన్నాడు. రెండు సెలైన్లు ఎక్కించి, బి కాంప్లెక్స్ సూది వేసి పంపాడు. మరో చోట, ఇంట్లో గొడవలేమైనా ఉన్నాయా, టెన్షన్ పడుతున్నావా అని అడిగారు. అలా రెండు రోజులు పోయాయి. ఆ రెండు రోజులూ ఇప్పటికీ నాకు బాధే.

చివరికి ఒంగోలులో ఒక కుర్ర డాక్టరు చిన్న సుత్తితో నా మోకాలి కింద కొట్టి చూశాడు. మామూలుగా కాలు ఎగరాలంట. నా కాలు కదల్లేదు. రెండో కాలూ అంతే. "ఈమధ్య విరేచనాలేమైనా అయ్యాయా?" అని అడిగాడు. కాళ్ళు పడిపోతుంటే కడుపు సంగతి ఎందుకు అడుగుతున్నాడో మాకు అర్థం కాలేదు. అయ్యాయని చెప్పగానే మా ఆయన్ని పక్కకు పిలిచి, "ఇప్పుడే గుంటూరు తీసుకెళ్ళండి. ఊపిరి మీదికి రాకముందే చేర్పించాలి" అన్నాడు. మెల్లగానే చెప్పాడు గాని నాకు వినబడింది.

జబ్బు పేరు గులియన్ బారే సిండ్రోమ్. జీబీఎస్ అంటారు. ఒంట్లోకి వచ్చిన క్రిమితో పోరాడటానికి లేచిన శక్తి పొరపాటున మన నరాల మీదే పడుతుంది. కరెంటు తీగ మీద ప్లాస్టిక్ తొడుగు ఉన్నట్టు నరాల మీద కూడా ఒక పొర ఉంటుంది, అది దెబ్బతింటే మెదడు చెప్పిన మాట కాళ్ళకు చేరదు అని గుంటూరులో డాక్టరమ్మ వివరించింది. కింద నుంచి పైకి పాకుతుందని కూడా చెప్పింది. ఆమె చెప్పే లోపే నాకు తెలుసు. అంబులెన్స్ మేదరమెట్ల దాటేటప్పుడు మా ఆయన చెయ్యి పట్టుకునే ఉన్నాను, చిలకలూరిపేట వచ్చేసరికి నా వేళ్ళల్లో పట్టు లేదు.

వెన్నులో నీరు తీశారు, నరాల పరీక్ష చేశారు, ఐదు రోజుల ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. కిలో బరువుకు మొత్తం రెండు గ్రాముల లెక్క. నేను 60 కిలోలు కాబట్టి 120 గ్రాములు. మా ఆయన రెండు బర్రెల్ని అమ్మాడు, నా గొలుసు కుదువ పెట్టాడు. అంత ఖరీదెందుకు అని అడిగితే డాక్టరమ్మ ఒక మాట చెప్పింది. ఆ మందు ఫ్యాక్టరీలో పొడులు కలిపి చేసేది కాదంట. వెయ్యిమందికి పైగా మనుషులు ఇచ్చిన రక్తంలోంచి తీసిన సారం అంట. ఆ మాట అప్పుడు నా చెవిన పడింది గాని లోపలికి దిగలేదు. దాని సంగతి తర్వాత చెబుతాను.

రోజుకు నాలుగుసార్లు నర్సు వచ్చి, "ఒక్క గుక్కలో అంకెలు లెక్కపెట్టండమ్మా" అనేది. ఊపిరి ఎంత ఉందో చూసే పద్ధతి అది. గుక్క తిప్పుకోకుండా చరణం మొత్తం పాడే మనిషిని నేను. మొదటి రోజు ఇరవై రెండు దాకా వచ్చాను. రాత్రికి పదిహేను. మర్నాడు పొద్దున తొమ్మిది దగ్గర ఆగిపోయాను. మధ్యాహ్నం గొంతులో గొట్టం వేసి వెంటిలేటర్ పెట్టారు. పన్నెండు రోజులు దాని మీదే ఉన్నాను.

అప్పటికి ముఖం కూడా పడిపోయింది. రెప్పలు మూతపడటం మానేశాయి. కళ్ళు ఎండిపోకుండా నర్సులు చుక్కలు వేసి, రాత్రిపూట రెప్పలు దగ్గరికి లాగి ప్లాస్టర్ అంటించేవాళ్ళు. తెల్లారేసరికి అది ఊడి ఉండేది.

ప్రార్థన చేసుకుందాం అని ఎవరన్నా అంటే మనం మొదట చేసేది కళ్ళు మూసుకోవడం. చిన్నప్పుడు సండే స్కూల్లో నేర్పింది అదే. మోకాళ్ళూనటం, చేతులు జోడించటం, కళ్ళు మూసుకోవటం, గొంతెత్తి పలకటం. నా మోకాళ్ళు పోయాయి, చేతులు పోయాయి, గొంతులో గొట్టం ఉంది, కళ్ళు మూతపడవు. పైన సీలింగ్‌లో ఒక చదరానికి మూల పగిలి ఉంది. రాత్రీ పగలూ దాన్నే చూస్తూ పడుకున్నాను. మతి మాత్రం శుభ్రంగా పనిచేస్తోంది. వినబడుతోంది, నొప్పి తెలుస్తోంది, నా పక్క బెడ్ మనిషిని తెల్లగుడ్డ కప్పి తీసుకుపోవడం తెలుస్తోంది.

మొదట్లో లోపల్లోపల అడిగాను. నేనేం తప్పు చేశాను తండ్రీ, పిల్లకు ఎనిమిదేళ్ళే కదా, పిల్లవాడికి ఐదే కదా అని. నాలుగైదు రోజుల తర్వాత అడగడం కూడా ఆగిపోయింది. ఈ సంగతి ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు రాస్తున్నాను. అక్కడ పైన ఎవరూ లేరేమో అనిపించింది. పాతికేళ్ళు పాడిన పాటలన్నీ ఆ పగిలిన చదరం దాకా పోయి ఆగిపోయాయేమో అనిపించింది. నాకు భయం కూడా వెయ్యలేదు. ఖాళీగా ఉంది, అంతే.

వెంటిలేటర్ తీసి వార్డుకు మార్చాక చూడటానికి జనం వచ్చారు. ఊరి నుంచి బస్సెక్కి వచ్చి ఆపిల్ పళ్ళు పెట్టి వెళ్ళినవాళ్ళ ప్రేమ నేనెప్పటికీ మరవను. కానీ ఎవరో పిలవగా వచ్చిన ఒక బోధకుడు మాత్రం మంచం పక్కన నిలబడి, నేను ఏదో పాపం దాచుకున్నానేమో ఒప్పుకోమన్నాడు. మందుల్ని నమ్ముకుంటే దేవుణ్ణి నమ్మనట్టే అన్నాడు. నాకు మాట ఇంకా సరిగా రాదు. పెదాలు కలవవు. కన్నీళ్ళు మాత్రం కారాయి. అవి పశ్చాత్తాపం అనుకున్నాడాయన.

మా అత్తమ్మ ఎప్పుడూ పెద్దవాళ్ళకు ఎదురు చెప్పదు. ఆ రోజు చెప్పింది. "అయ్యా, ధాత కరువులో మావోళ్ళు ఆకలికి పడి చస్తుంటే క్లౌ దొర ఒట్టి ప్రార్థన చేసి ఊరుకోలా. బకింగ్‌హాం కాలవ తవ్వే కాంట్రాక్టు పట్టి పని ఇప్పించాడు, కూలి ఇప్పించాడు. కూలి తీసుకున్నోళ్ళకు నమ్మకం లేదంటావా?"

మా వైపు వాళ్ళకు ఇది ఇంటింటి కథ. 1876 నుంచి 1878 దాకా కరువు. ఒంగోలు బాప్టిస్టు మిషన్‌లో ఉన్న జాన్ క్లౌ కాలువలో మూడున్నర మైళ్ళు తవ్వించే పని తీసుకున్నాడు. తిండి కోసం మతంలో కలుస్తున్నారన్న మాట రాకూడదని కరువు నడిచినంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు. తర్వాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఆ సంఖ్య మాకు పిల్లప్పుడే కంఠతా వస్తుంది. మా అత్తమ్మ వాళ్ళ ముత్తవ్వ ఆ నీళ్ళల్లో దిగినవాళ్ళలో ఒకతి అని ఇంట్లో చెప్పుకుంటారు.

చిన్నప్పటి నుంచీ నేను ఆ సంఖ్యనే విన్నాను, ఆ రాత్రి మాత్రం ఆ ముత్తవ్వ గురించి అడిగాను. మాటలు ముద్దముద్దగా వచ్చాయి. అత్తమ్మ చెవి నా నోటి దగ్గర పెట్టి విన్నది. ఆమెకు కరువులో ఇద్దరు పిల్లలు పోయారంట. మూడోవాణ్ణి చంకలో పెట్టుకుని ఏట్లోకి దిగిందంట. "అంత పోయినాక ఎట్టా నమ్మింది?" అని అడిగాను. అత్తమ్మ చాలాసేపు నా అరికాళ్ళు రుద్దుతూ కూర్చుంది. "నాకు తెలీదమ్మాయ్. నమ్మకం కుదిరిందాకా గట్టు మీద ఆగితే ఎవరూ దిగుండరు" అన్నది. తర్వాత, "నీకు ఇప్పుడు చేతకాకపోతే ఊరుకో. నీ వంతు కూడా నేను అడుగుతాలే" అన్నది. కాలవ నీళ్ళకు వంతులుంటాయి మాకు. ఇంట్లో మనిషికి బాగోకపోతే ఆ మనిషి వంతు రాత్రి ఇంకొకరు వెళ్ళి మడవ తిప్పి వస్తారు. అంత మామూలుగా అన్నదా మాట.

ఆ రాత్రి నేను ప్రార్థన చెయ్యలేదు. ఆమె చేసింది, కింద చాప మీద మోకాళ్ళూని, మెల్లగా. నేను కళ్ళు తెరుచుకుని విన్నాను. విన్నాను అని మాత్రం చెప్పగలను.

ఇంజెక్షన్ల సంగతి అప్పుడే గుర్తొచ్చింది. నా కోసం ఎవరూ మోకరించకముందే, నా పేరు కూడా తెలియని వెయ్యిమంది ఎక్కడెక్కడో చెయ్యి చాచి పడుకుని రక్తం ఇచ్చారు. నేను అడగడం మానేసిన రోజుల్లో కూడా అది నా నరాల్లోకి చుక్కచుక్కగా దిగుతూనే ఉంది. ఇది దేవుడి పని అని నేను నమ్ముతాను. మందు అందని వాళ్ళ సంగతేంటి, ఆ పక్క బెడ్ మనిషి సంగతేంటి అంటే నా దగ్గర జవాబు లేదు. ఆ ప్రశ్నను నేను వదిలిపెట్టలేదు. ప్రార్థనలో ఇప్పటికీ అడుగుతుంటాను.

ఫిబ్రవరి నెలాఖరున ఒక రాత్రి నర్సు చుక్కలు వేసి వెళ్ళింది. ప్లాస్టర్ అంటించడం మర్చిపోయింది. కుడి కన్ను మండి అలవాటుగా మూద్దామని చూశాను. వెలుతురు సగం తగ్గింది. మళ్ళీ ప్రయత్నించాను. మూతపడింది. ఆ చీకటి ఎంత బాగుందో రాయడం నాకు రాదు. స్తోత్రం చెప్పాలని కూడా తోచలేదు. నిద్రపోయాను.

బాగుపడటం పై నుంచి కిందికి వచ్చింది. ముఖం, భుజాలు, చేతులు, ఆఖరికి కాళ్ళు. కొన్ని నరాల్లో పై పొరే కాదు, లోపలి పోగు కూడా తెగిందని, అది రోజుకు ఒక మిల్లీమీటరు మాత్రమే పెరుగుతుందని ఫిజియోథెరపీ అబ్బాయి చెప్పాడు. మా ఆయన ఇంటికి వచ్చాక నా కుట్టుమిషన్ టేపు తీసి, నడుం దగ్గర్నుంచి బొటనవేలి దాకా కొలిచాడు. 98 సెంటీమీటర్లు. గోడ మీద లెక్క వేసి, "980 రోజులు" అని అక్కడే కూలబడిపోయాడు. మర్నాడు పొద్దున ఐదింటికి లేచి, ఏం మాట్లాడకుండా నా కాళ్ళకు వ్యాయామం చేయించడం మొదలుపెట్టాడు. ఆ ఏడాది వెల్లంపల్లి వేలానికి మా పొగాకు బేళ్ళు ఆలస్యంగా పోయాయి, ధర తక్కువ పలికింది. ఆయన ఒక్క రోజు కూడా నా దగ్గర ఆ మాట ఎత్తలేదు.

మేలో గోడ పట్టుకుని నిలబడ్డాను. ఆగస్టులో వాకర్‌తో చర్చికి వెళ్ళాను. వెనక వరసలో కుర్చీ వేశారు. పాట ఎత్తుకోమని పాస్టర్ గారు నా వైపు చూశారు. గొంతు లేచింది గాని చరణం మధ్యలో గుక్క చాల్లేదు. మిగతా చరణం ఆడవాళ్ళందరూ అందుకున్నారు.

980 రోజుల లెక్క పూర్తిగా నిజం కాలేదు. చాలామటుకు అంతకన్నా ముందే నడిచాను, పాదాల్లో మొద్దుబారిన తనం మాత్రం నేటికీ ఉంది. చెప్పు జారిపోయినా తెలియదు. మోకాళ్ళూనితే ఒకరు లేపాలి. నమ్మకం కూడా అలాగే వచ్చింది, ఒక చోట ముందు, ఒక చోట వెనక. కొన్ని చోట్ల ఇంకా తిమ్మిరే.

2025 మొదట్లో పుణెలో ఈ జబ్బు కేసులు పెరిగాయని టీవీల్లో వచ్చింది. ఫిబ్రవరిలో మన ప్రకాశం జిల్లాలోనూ దాని పేరు వినబడింది. అప్పటి నుంచి నాకు ఫోన్లు వస్తున్నాయి. అందుకే ఇదంతా రాస్తున్నాను. కాళ్ళల్లో తిమ్మిరి మొదలై రోజురోజుకూ పైకి పాకుతుంటే బలహీనత అని ఊరుకోవద్దు. ఆ రోజే పెద్దాసుపత్రికి వెళ్ళండి.

కందుకూరు వైపు నుంచి ఒకబ్బాయి రాత్రి పదింటికి చేశాడు. వాళ్ళమ్మ వెంటిలేటర్ మీద ఉందంట. "అక్కా, అమ్మ కళ్ళు తెరిచే ఉన్నాయి, మమ్మల్ని గుర్తుపట్టడం లేదేమో. మీరు ప్రార్థన చెయ్యండి" అని ఏడ్చాడు. "గుర్తుపడుతుంది నాయనా, అన్నీ వినబడతాయి. ఆమె ముందు ఎవరూ ఏడవొద్దు, చావు మాట ఎత్తొద్దు. కళ్ళల్లో చుక్కలు వేస్తున్నారో లేదో ముందు నర్సును అడుగు" అన్నాను. అడిగి వచ్చి, వేశారని చెప్పాడు. ఫోన్ ఆమె చెవి దగ్గర పెట్టమన్నాను.

కుర్చీలో కూర్చుని, కళ్ళు తెరుచుకునే ప్రార్థన చేశాను.