బాబాయి లైసెన్స్ మీద రాసిన గ్రూప్

ఫిబ్రవరి ఆఖర్లో మా బాబాయి పొగాకు ఆకుని వేడితో ఆరబెట్టే బ్యారన్లో పడ్డాడు. టంగుటూరు చుట్టుపక్కల వాళ్లకి చెప్పక్కర్లేదు, ఆకు కట్టిన కర్రలు పైకి అందించేటప్పుడు ఒకరు దూలాల మీద కాళ్లు ఎడంగా పెట్టి నిలబడాలి. ముప్పై ఏళ్లుగా ఆ పని చేస్తున్న మనిషే. ఆ రోజు సాయంత్రం కాలు జారింది. తొడ ఎముక విరిగింది.

ఒంగోలు తీసుకెళ్లాం. ఇరవై కిలోమీటర్లే గానీ ఆ రాత్రి టోల్ గేటు దాటేదాకా కూడా నాకు చాలా దూరం అనిపించింది. డాక్టరు ఎక్స్‌రే చూసి, పొద్దున్నే ఆపరేషన్ చేద్దాం, రక్తం రెండు యూనిట్లు సిద్ధంగా ఉండాలి అన్నారు. పిన్ని గబగబా బాబాయి పర్సు తీసి డ్రైవింగ్ లైసెన్స్ నా చేతిలో పెట్టింది. దాని మీద ఓ పాజిటివ్ అని ఉంది. నేను వెంటనే ఊళ్లోకి ఫోన్ చేశాను. గంటన్నరలో ఆరుగురు ఆటోలో దిగారు. అందరూ ఓ పాజిటివ్ వాళ్లే. పని బట్టలతోనే, చేతులకి పొగాకు జిగురు నల్లగా అంటుకుని ఉండగానే వచ్చారు.

ఈలోగా బ్లడ్ బ్యాంకు నుంచి పిలుపు వచ్చింది. "పేషెంటుది ఓ నెగటివ్ అండీ. రెండుసార్లు చూశాం."

ఆ ఒక్క మాటతో ఆరుగురిలో ఒక్కరి రక్తమూ బాబాయికి పనికిరాకుండా పోయింది. మన దగ్గర వందమందిలో నెగటివ్ వాళ్లు సుమారు ఐదుగురే. అందులోనూ ఓ నెగటివ్ వాళ్లకి ఓ నెగటివే ఎక్కించాలి. వాళ్ల రక్తం అవసరానికి దాదాపు ఎవరికైనా ఇవ్వచ్చు, వాళ్లు మాత్రం ఇంకెవరి దగ్గరా తీసుకోకూడదు.

లైసెన్స్ మీద అలా ఎందుకుందని తర్వాత బాబాయినే అడిగాను. అప్పట్లో ఫారం నింపిన ఏజెంటు గ్రూప్ ఏమిటని అడిగితే, తెలియదు, నువ్వే ఏదో ఒకటి రాయి అన్నాడట బాబాయి. ఏజెంటు రాశాడు. అదే అచ్చయింది. ఆ ఏజెంటు మీద నాకు ఇప్పటికీ కోపం ఉంది. అంతకన్నా ఎక్కువ కోపం, చదువుకున్నవాణ్ణి అయ్యుండి ఆ కార్డు చూసి గుడ్డిగా నమ్మిన నా మీద ఉంది. ఆస్పత్రి వాళ్లు మాత్రం కార్డు చూసి రక్తం ఎక్కించరు. ప్రతిసారీ కొత్తగా శాంపిల్ తీసి గ్రూప్ చూస్తారు, తర్వాత దాత రక్తంతో కలిపి సరిపోతుందో లేదో క్రాస్ మ్యాచ్ చేస్తారు. కాబట్టి ప్రాణం మీదికి రాలేదు. కానీ రెండు గంటలు మేము తప్పు మనుషుల కోసం తిరిగాం.

ఒక యూనిట్ ఒంగోలులోనే దొరికింది. రెండోదాని కోసం ముందు ఇంట్లోవాళ్లనే చూడమన్నారు. తోడబుట్టినవాళ్లలో అదే గ్రూప్ ఉండే అవకాశం ఎక్కువట. బాబాయి ఇద్దరు కూతుళ్లూ పాజిటివ్. నేను బి పాజిటివ్. మా నాన్న ఓ నెగటివ్!

నాన్నకి అరవై ఏడేళ్లు. తన గ్రూప్ ఏమిటో తెలియడం అదే మొదటిసారి. వెంటనే చొక్కా చెయ్యి పైకి మడిచి తీసుకోమన్నాడు. 65 దాటితే తీసుకోకూడదని బ్లడ్ బ్యాంకు అమ్మాయి నెమ్మదిగా చెప్పింది. నాన్న మడిచిన చెయ్యి అలాగే పెట్టుకుని బెంచీ మీద కూర్చున్నాడు. చాలాసేపటికి, "ఇన్నేళ్లూ నా ఒంట్లో పెట్టుకుని ఒక్కరికీ ఇవ్వలేదు కదరా" అన్నాడు. ఆ మాట నన్ను ఇంకా వదల్లేదు.

చివరికి కావలి నుంచి ఒక కుర్రాడు తెల్లవారుజామున బస్సెక్కి వచ్చి ఇచ్చాడు. ఇచ్చిన రక్తానికి హెచ్‌ఐవీ, హెపటైటిస్ లాంటి పరీక్షలన్నీ అయ్యాకే ఎక్కిస్తారు గనక ఆపరేషన్ ఒక రోజు వెనక్కి జరిగింది. బాబాయి ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తున్నాడు.

ఆ తర్వాతి ఆదివారం ఇంట్లో అందరినీ ఒంగోలు కర్నూలు రోడ్డులోని ఒక ల్యాబ్‌కి తీసుకెళ్లాను. అమ్మ రానంది. "ఈ వయసులో నాకెందుకురా గ్రూపు" అంది. నాన్న సంగతి గుర్తు చేస్తే మారు మాట్లాడకుండా చెప్పులేసుకుంది.

పరీక్ష ఎలా చేస్తారో చూస్తానంటే ల్యాబ్ అతను మా పాపని దగ్గరికి పిలిచి చూపించాడు. పాప వేలి రక్తమే మూడు చుక్కలు తెల్ల పలక మీద వేరువేరుగా పెట్టాడు. పక్కన గ్రూప్ తేల్చే మందులు, మూడు చిన్న సీసాలు. యాంటీ-ఏ నీలం, యాంటీ-బి పసుపు, యాంటీ-డికి రంగు లేదు. ఒక్కో చుక్కలో ఒక్కోటి వేసి, వేరువేరు పుల్లలతో కలిపి, పలకని అటూ ఇటూ వంచాడు. మొదటి చుక్క అలాగే పలచగా ఉంది. రెండోది చూస్తుండగానే విరిగిన పాలలా గింజలు గింజలుగా విడిపోయింది. మూడోదీ అంతే. అంటే బి ఉంది, పాజిటివ్‌కి గుర్తైన డి ఉంది: బి పాజిటివ్. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. మూడిట్లో ఏదీ గడ్డకట్టకపోతే అదే ఓ నెగటివ్ అన్నాడు. అప్పుడు నాకు నాన్న చుక్కలు ఎలా ఉండి ఉంటాయో కళ్లకి కట్టింది.

ఏ, బి, ఓ తేడాలు లాండ్‌స్టైనర్ 1901లోనే చెప్పాడు. పాజిటివ్, నెగటివ్ సంగతి 1940లో గానీ బయటపడలేదు. ల్యాబ్ అతను ఇంకో మాట చెప్పాడు. పలక మీద ఓ అని వస్తే అంతటితో ఆగకూడదట, రక్తం పైన తేలే పసుపు నీరు, అంటే సీరం తీసి, దాన్ని తెలిసిన గ్రూపుల కణాలతో కలిపి తిరగేసి కూడా చూడాలట. 1952లో ముంబైలో బయటపడ్డ అరుదైన బాంబే గ్రూప్ కూడా పైకి ఓ లాగానే కనిపిస్తుంది, కానీ వాళ్లకి మామూలు ఓ రక్తం ఎక్కిస్తే ప్రమాదం. బ్లడ్ బ్యాంకుల్లో రెండువైపులా చూడటానికి ఒక కారణం ఇదే.

పాపకి పుట్టినప్పుడు రాసిచ్చిన చీటీ కూడా బి పాజిటివ్ అనే ఉంది. అయినా మళ్లీ చేయించడమే మంచిదైంది. పుట్టిన కొన్ని నెలల దాకా పిల్లల సీరం పరీక్ష సరిగా తేలదట. మా ఆవిడ గ్రూప్ కాన్పు ఫైల్లో దొరికింది, ఓ పాజిటివ్. గర్భిణులకి ఈ పరీక్ష తప్పకుండా చేస్తారు, ఎందుకంటే తల్లి నెగటివ్, బిడ్డ పాజిటివ్ అయితే కాన్పు అయిన 72 గంటల్లోపు తల్లికి యాంటీ-డి ఇంజెక్షన్ పడాలి. కాబట్టి మీ ఇంట్లో ఆడవాళ్ల గ్రూప్ కావాలంటే ముందు పాత కాన్పు కాగితాలు వెతకండి. ఆపరేషన్ అయినవాళ్లకైతే డిశ్చార్జి కాగితాల్లో ఉంటుంది. స్కూలు ఐడీ కార్డులు, లైసెన్సులు మాత్రం నమ్మకండి. వాటి మీద ఉండేది మనం చెప్పిందే.

అమ్మానాన్నల గ్రూపుల్ని బట్టి పిల్లలది చెప్పేస్తామనేవాళ్లనీ నమ్మొద్దు. నాన్న ఓ నెగటివ్, అమ్మ బి పాజిటివ్ అయితే, నేను నాలుగింట్లో ఏదైనా కావచ్చు: బి పాజిటివ్, బి నెగటివ్, ఓ పాజిటివ్, ఓ నెగటివ్.

ఒక్క రూపాయి కూడా ఖర్చు లేకుండా తెలుసుకునే దారి ఒకటుంది, రక్తదానం. 45 కిలోల బరువు, 12.5 హిమోగ్లోబిన్ ఉండి, 18 దాటితే చాలు. మొదటిసారి ఇచ్చేవాళ్లు 60 లోపు ఉండాలి. గ్రూప్ వాళ్లే చూసి కార్డు మీద రాసిస్తారు. నేను ఏప్రిల్లో ఇచ్చాను. మగవాళ్లు మూడు నెలలకోసారి ఇవ్వచ్చు.

ఇప్పుడు మా బీరువా తలుపు లోపలివైపు ఒక కాగితం అంటించి ఉంది. పేర్లు, ఎదురుగా గ్రూపులు, పరీక్ష చేయించిన తేదీలు. నాన్న పేరు కింద ఎర్ర పెన్నుతో గీత గీశాను. ఒక్క తమ్ముడి గడే ఖాళీగా ఉంది. వాడు హైదరాబాద్‌లో ఉంటాడు. ఫోన్ చేస్తే, "ఆఫీసు ఐడీ కార్డు మీద ఉందన్నా, చూసి చెప్తా" అన్నాడు. వద్దురా, పరీక్ష చేయించుకుని రిపోర్ట్ ఫోటో పెట్టు అన్నాను. ఇంకా పెట్టలేదు. ఈ రాత్రి మళ్లీ చేస్తాను.